బావిలో బర్మా నక్షత్రం

ముఐథర్, ఖతార్, 5-5-1995

చిన్నాయనా,

జేజినాయన పతకం దొంగిలించింది మన ఇంట్లో పనిచేసిన ఇమామ్ కాదు, నేను. బర్మా యుద్ధంలో ఆయన కాలు తీసుకుని ఇత్తడి నక్షత్రం చేతిలో పెట్టిన తెల్లదొరల మీద, విప్లవ కరపత్రాలు చదివిన కసితో మన బావిలో విసిరేశాను. ఊరంతా ఇమామ్‌ను దొంగ అంటుంటే నోరు మూసుకుని ఖతార్ వచ్చేశాను.

ఇక్కడ పక్కింటి పాకిస్తానీ డ్రైవర్ తాతకూ అదే పతకం ఇచ్చారట. నా సంగతి విని, "బిళ్ళ దొరలదే భాయ్, కాలు మీ దాదాది కదా" అన్నాడు. దొరల మీద కోపం ఇంకా తగ్గలేదు. కానీ దెబ్బ తగిలింది జేజినాయనకూ ఇమామ్‌కూ.

ఆ పతకంతోనే తనను పూడ్చాలని జేజినాయన మంచంలో పడి అడుగుతున్నాడని రాశావు. ఈ ఎండలకు బావి అడుగంటి ఉంటుంది. ఇమామ్‌ను నువ్వే వెళ్ళి పిలుచుకురా. ముందు ఈ ఉత్తరం అతని ఎదుట గట్టిగా చదువు, తర్వాత పూడిక తీయండి. 28వ తేదీ ఆదివారం, చర్చి అయ్యాక, పది గంటలకు అందరూ బావి దగ్గరికి చేరండి.