సోమయ్య వైపు చూసిన చూపు

జనవరి 4

ఖమ్మం నుంచి ఫోన్. "ఈసారి ఉత్సవంలో చివరి రోజు కచేరీ మీదేనమ్మా" అన్నారు కార్యదర్శి గారు. రెండోసారి చెప్పించుకుని విన్నాను. ఏటా వెళ్లి వెనక వరుసలో కూర్చుని వినే ఉత్సవం. అక్కడ పాత కీర్తన ఒక్కటీ పాడకూడదు, ఈ కాలంలో కట్టినవే పాడాలి. పాల్వంచ క్వార్టర్ ముందుగదిలో పిల్లలకు సరళీస్వరాలు చెప్పుకునే నేను... ఆ వేదిక మీద!

ఆయన షిఫ్ట్ దిగి వచ్చి విన్నారు. "మృదంగం ఎవరు?"

ఇంకెవరు. సోమయ్య.

జనవరి 11

భద్రాచలం నుంచి పొద్దున్నే బస్సులో వచ్చాడు సోమయ్య. సొంత తమ్ముడు కాడు, అంతకన్నా ఎక్కువ. సాయంత్రం దాకా ఇప్పపూల పాట ఒక్కటే సాధన. నేనే రాసి, నేనే కట్టినది. తొమ్మిదక్షరాల తాళం — అడవిలో తెల్లారి ఇప్పపూలు సమంగా రాలవు కదా, అట్లా ఉండాలని. స్వరాల దగ్గర లెక్క జారిపోతోంది.

"నువ్వు పాడుకుంట పో అక్కా. ఏడ జారినా నేను పట్టుకుంట."

పెళ్లిళ్లలోనూ గుళ్లోనూ వాయించే మనిషి. ఇంత పెద్ద సభ అతనికీ మొదటిసారే. భార్య లక్ష్మి కొత్త జుబ్బా కుట్టించిందట. చెబుతూ సిగ్గుపడ్డాడు.

జనవరి 19

గొంతు బాగానే ఉంది. భయమే తగ్గడం లేదు.

జనవరి 25

రాయలేను.

జనవరి 26

రాస్తాను. ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇంకెక్కడ?

మొన్న సభ నిండిపోయింది. మొదటి గంట బాగా సాగింది. ఇప్పపూల పాటలో స్వరాలకు వచ్చాను. చప్పట్లు పడ్డాయి. ఆ సంతోషంలో రెండక్షరాలు మింగేశాను. నేనే. తాళం వేస్తున్న నా చేతికే తెలిసింది. వయొలిన్ ఆయన హైదరాబాద్ మనిషి, తన లెక్కలో తాను పోతున్నాడు. ఇద్దరి మధ్యా గండి పడుతుండగా సోమయ్య వాయిస్తున్నది తెంపేసి నా లెక్కలోకి దూకాడు. నన్ను పట్టుకుని మళ్లీ దారిలో పెట్టడానికి. వినేవాళ్లకు మాత్రం మృదంగం తడబడినట్టే ఉంటుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను అతని వైపు తిరిగి చూశాను. కనుబొమలు ముడిచి... తొడ మీద గట్టిగా తాళం కొట్టి చూపించాను, "ఇదీ లెక్క" అన్నట్టు. ముందు వరుసలో వాళ్లంతా చూశారు.

సోమయ్య తల వంచుకున్నాడు. తర్వాత ఒక్క దెబ్బ కూడా తప్పు పడలేదు.

ఎందుకు చూశాను? ఆలోచించి చేసింది కాదు. ఆలోచించకుండానే అంత నీచమైన పని వచ్చేసిందంటే, అది నాలో ముందునుంచీ ఉన్నట్టే.

జనవరి 29

కార్యదర్శి గారి ఫోన్. పాట గురించి అందరూ చెప్పుకుంటున్నారట. "మృదంగం ఒక్కటే కొంచెం దెబ్బతీసింది. పాపం, పెళ్లి కచేరీల అలవాటు."

"ఊఁ" అన్నాను.

ఊఁ.

ఫిబ్రవరి 3

లక్ష్మి ఫోన్ చేసింది. శివరాత్రికి సత్తుపల్లిలో ఒప్పుకున్న కచేరీకి వేరేవాళ్లను పెట్టుకున్నారట. ఖమ్మం సంగతి వాళ్లదాకా పోయింది.

"వదినా, నిజం చెప్పు. మాయన తప్పిండా? అడిగితే, 'అవ్, నేనే తప్పిన' అంటుండు. ఇన్నేండ్లల్ల ఎప్పుడన్న తప్పిండా ఆయన?"

నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పింది మాత్రం ఇది: "ఆ రోజు అందరికీ కంగారే, లక్ష్మీ."

"మంచిది వదినా" అని పెట్టేసింది.

పిల్లలు పాఠానికొచ్చారు. తలనొప్పి అని పంపేశాను. అదీ అబద్ధమే.

ఫిబ్రవరి 4

ఆయనతో అంతా చెప్పాను. అన్నం కలుపుతూ విన్నారు. "ఖమ్మం పోయి చెప్పు. ఇంట్ల ఏడిస్తే ఏమొస్తది?"

ఫిబ్రవరి 9

వెళ్లాను. సంఘం గదిలో కార్యదర్శి గారు, మరో నలుగురు పెద్దలు. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. నిలబడే చెప్పాను: "తాళం తప్పింది నేను. సోమయ్య నన్ను కాపాడాడు. ఆ తప్పు అతని మీదికి నెట్టింది కూడా నేనే."

కార్యదర్శి గారు రెండు చేతులూ జోడించారు.

"చూశారా! పక్కవాద్యం వాడి తప్పు నెత్తిన వేసుకోవడానికి పాల్వంచ నుంచి వచ్చిందావిడ. ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ ఇట్లా?"

"కాదండీ, నిజంగానే నేను..."

"మాకు తెలుసమ్మా. మీ మనసు మాకు తెలుసు."

రికార్డింగ్ పెట్టి వినమన్నాను. అదంతా ఎందుకన్నారు. వచ్చే ఏడాది మొదటి రోజు కచేరీ నాదేనని అక్కడికక్కడే చెప్పేశారు. మృదంగం సంగతి తామే చూసుకుంటారట.

శాలువా కప్పారు. కప్పించుకున్నాను. బస్‌స్టాండ్‌లో దాన్ని మడిచి సంచి అడుగున కుక్కాను, ఎవరి దగ్గరో ఎత్తుకొచ్చినట్టు.

ఫిబ్రవరి 10

సోమయ్య ఫోన్. కచేరీ తర్వాత మొదటిసారి.

"ఎందుకు పోయినవక్కా? నిన్నటిదాంక తాళం తప్పినోడిని. ఇయ్యాల్టి నుంచి నీ దయ మీద బతికేటోణ్ణి."

"నేను నిజమే చెప్పిన సోమయ్యా. వాళ్లే నమ్మలే."

"నమ్మరు. నువ్వు చూసిన చూపు నమ్మిన్రు."

ఫిబ్రవరి 15

భద్రాచలం పోయి వచ్చాను. లక్ష్మి తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పక్కకు జరిగింది, అంతే. ఆమెకే ముందు చెప్పాను. "నేను తప్పిన. నువ్వడిగిన్నాడు కూడా చెప్పలేకపోయిన."

"నాకు ఆ రోజే ఎరుకైంది వదినా" అని వంటింట్లోకి పోయింది.

సోమయ్య చాప పరిచాడు. మృదంగం ముందు పెట్టుకుని, "పాడక్కా" అన్నాడు. ఇప్పపూల పాట. శ్రుతిపెట్టె లేదు, వయొలిన్ లేదు. పాడాను. స్వరాల దగ్గరికి వచ్చేసరికి లెక్క మళ్లీ జారింది. అతని కోసం చూశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. వాయించలేదు. ఆ గదిలో నా గొంతు ఒక్కటే... ఎటు పోవాలో తెలియక కాసేపు తిరిగి, ఆగిపోయింది.

కోపం లేదు అతని ముఖంలో. ఉంటే తేలికయ్యేది.

"సోమయ్యా, వచ్చే ఏడాది నువ్వు వాయిస్తేనే పాడుత. లేకుంటే రానని చెప్పేస్త."

మృదంగానికి గుడ్డ చుడుతున్నాడు.

"నేను వాయిస్తే బాగుంటదని అడుగుతున్నవా అక్కా, నీ సిగ్గు దిగుతదని అడుగుతున్నవా?"

జవాబు కోసం నిజంగానే ఎదురుచూశాడు. లక్ష్మి కూడా వచ్చి గడపలో నిలబడింది.

బస్సు పాల్వంచ చేరేదాకా వెతికాను. ఇంకా వెతుకుతున్నాను.