‘ఇకపై’ అన్న మాట మీద నేను సంతకం పెట్టను

వ్యాపార లైసెన్సుల విభాగం ఉన్నతాధికారి గారి సముఖమునకు,
మార్కెట్ వెనుక వీధి, మేడమెట్ల కింది గదిలో మర్దన వృత్తి చేసుకుంటున్న మసాజ్ థెరపిస్టు వ్రాసుకున్న అర్జీ.

విషయం: నా గదికి వేసిన సీలు తీయించుట, చేయని తప్పుకు నా చేత సంతకం అడగకుండుట గురించి.

అయ్యా,

సవినయంగా మనవి చేయునది ఏమనగా (వినయం ఈ వాక్యం వరకే ఉంటుంది, ముందే క్షమించవలెను):

1. నేను ఈ వృత్తిలో శిక్షణ పొంది, పరీక్ష పాసై, తమ కార్యాలయం ఇచ్చిన లైసెన్సును గోడకు తగిలించుకుని పని చేసుకుంటున్నాను. మెడ పట్టేసినవారు, నడుము వంగనివారు, కాన్పు తర్వాత కాళ్ళు లాగేసేవారు నా దగ్గరికి వస్తారు. నా రెక్కల కష్టమే నాకు ఆధారం.

2. గత నెలలో ఒక మధ్యాహ్నం తమ ఇన్‌స్పెక్టరు గారు సిబ్బందితో కలిసి, తలుపైనా తట్టకుండా నా గదిలో ప్రవేశించారు. ఆ సమయంలో బల్ల మీద రిటైరైన బస్సు డ్రైవరు గారు పడుకుని ఉన్నారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడిన మనిషి. పేటలో అందరికీ ఆయన బస్సు మామయ్య. ఆయన భార్యను నేను అత్తయ్యా అని పిలుస్తాను. ఆవిడ బల్ల పక్కనే స్టూలు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు.

ఇన్‌స్పెక్టరు గారి మొదటి మాట ఇది: "మసాజ్ ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా?"

నేను జవాబిచ్చేలోగా అత్తయ్యే లేచారు.

"ఇంకేముంటాయి నాయనా, బఠాణీలున్నాయి. నేను ఈయన పెళ్ళాన్ని. ఇంతకీ నువ్వెవరు?"

సిబ్బంది నవ్వారు. నవ్వుతూనే ఫోటోలు తీశారు. డాక్టరు గారు రాసిచ్చిన చీటీ చూపించబోతే "అవన్నీ ఆఫీసులో చూసుకుందాంలే" అన్నారు. మామయ్యకు చొక్కా తొడుక్కునే వ్యవధి కూడా ఇవ్వలేదు. స్వాధీనంలో లేని చేతిని చొక్కాలోకి దూర్చడం ఎంత పనో వారికేం తెలుసు? ఆయన్ని బనియనుతో వీధిలో నిలబెట్టి, నా తలుపుకు సీలు వేసి, లైసెన్సు నిలిపివేసి, "అసభ్య కార్యకలాపాలు" అని కాగితం అతికించి వెళ్ళారు. బస్సు నడిపినన్నాళ్ళూ ఒక్కరితో మాట పడని మనిషి, ఆ రోజు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

3. ఆ ఫోటో అదే సాయంత్రం పేటలోని ఫోన్లన్నిటికీ చేరింది. అందులో అత్తయ్య లేరు. స్టూలున్న వైపు కత్తిరించేశారు. నేనూ, చొక్కా లేని మగమనిషీ, అంతే. కత్తిరించిన చెయ్యి ఎవరిదో తమరు విచారించవలెను.

4. అప్పటినుంచి మా ఇంటి సంగతి ఇది. అద్దాల దుకాణంలో పనిచేసే మా ఆయన "కొన్నాళ్ళు ఊరుకోవే, జనమే మర్చిపోతారు" అంటున్నారు. ఆయన నన్ను అనుమానించలేదు. కానీ దుకాణంలో ఎవరో ఇకిలిస్తే ఎదురు మాట్లాడనూ లేదు. ఇక మా అమ్మాయి. పరీక్షల రోజుల్లో పుస్తకం మూసి, తనే వచ్చి మెడ వంచి నా ముందు కూర్చునేది. మొన్న నేనే పిలిచాను. "వద్దులేమ్మా" అంటూ పక్కకి జరిగింది. అయ్యా, తమవాళ్ళు సీలు వేసింది ఒక్క గదికే అనుకుంటున్నారు కాబోలు. నా ఇంట్లో నా చేతులకే సీలు పడింది.

5. కాళ్ళరిగేలా తిరిగిన మీదట తమ సూపరింటెండెంటు గారు నన్ను కూర్చోబెట్టి ఒక కాగితం ఇచ్చారు. "ఇకపై నా గదిలో అసభ్య కార్యకలాపాలు జరగనివ్వనని హామీ ఇస్తున్నాను" అని అందులో ఉంది.

"ఇకపై అంటే ఇదివరకు జరిగాయనేగా సార్?"

"అబ్బా, అదంతా ఫార్మాలిటీ అమ్మా. ఒక్క సంతకం పడేస్తే సాయంత్రానికల్లా తాళం తీసేస్తాం."

"ఆ ఒక్క మాట కొట్టేయండి, పెట్టేస్తాను."

"కొట్టేస్తే మావాళ్ళు సీలెందుకు వేసినట్టు?"

అయ్యా, తమ కార్యాలయంలో నేను విన్న నిజం అదొక్కటే.

నాతో వచ్చిన అత్తయ్య ఏడ్చేశారు. "పెట్టెయ్యవే తల్లీ. ఆయన చెయ్యి మళ్ళీ బిగుసుకుపోతోంది. మాటదేముంది, గాలికి పోతుంది."

కలం చేతిలోకి తీసుకున్నాను. ఆ కాగితం మీద నేను సంతకం చేస్తే, బల్ల మీద పడుకున్న ఆయనా, బఠాణీలు ఒలిచిన ఆవిడా కూడా ఆ మాటలోకి వస్తారు. కలం అక్కడే పెట్టి లేచి వచ్చాను. అత్తయ్య నాకోసం ఆగకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

6. మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి మామయ్య చేతికి నూనె పట్టించాను. లైసెన్సు నిలిపివేతలో ఉండగా పని చేయడం నేరమని తెలుసు. రోజూ చేస్తున్నాను. దీనికి కూడా నోటీసు ఇవ్వదలిస్తే, అది మాత్రం నిజంగా చేశాను గనుక సంతోషంగా సంతకం పెడతాను.

కావున సీలు తీయించి, అతికించిన కాగితం తప్పని రాతపూర్వకంగా ఒప్పుకుని, దానినీ అదే తలుపు మీద అందరూ చదివేలా అతికించవలసిందిగా నా మనవి చిత్తగించవలెను. దయ చూపమని అడగడం లేదు.

ఇట్లు,
తమ విధేయురాలు అని రాయడం ఆనవాయితీ గనుక రాసిన,
మసాజ్ థెరపిస్టు

తా.క. తమరు మీటింగులో ఉన్నారని పొద్దుటినుంచి వరండాలో కూర్చోబెట్టారు. మామయ్య మర్దన వేళ దాటిపోతోందని అత్తయ్య ఆయన్ని ఇక్కడికే ఆటోలో తీసుకొచ్చారు. సందర్శకుల బెంచీ మీద అందరి ఎదుటా పని కానిచ్చాను. మామయ్య చెయ్యి భుజం దాకా లేచింది. లైసెన్సుల కోసం నిలబడ్డ జనం వరస చెదిరిపోయేలా చుట్టూ మూగారు. గుమస్తా వచ్చి "ఇక్కడ కుదరదమ్మా" అన్నాడు. "మరెక్కడ కుదురుతుందో నువ్వే చెప్పు బాబూ" అని అడిగారు అత్తయ్య. తలుపు తెరిచేదాకా రోజూ వస్తాం. బెంచీ పైనున్న ఫ్యాను తిరగడం లేదు, చెమట పడితే నూనె నిలవదు. దయచేసి బాగు చేయించగలరు.