పోయొస్త అనని పొద్దు

కోదాడ, శుక్రవారం

అమ్మా, నేను మంచిగనే ఉన్న, నువ్వు ఫోన్ ఎత్తుతలేవని కార్డు రాస్తున్న.

నిన్న జపాన్ రాయబారి మేడం మా కాలేజీకి వచ్చింది. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంల ఆ దేశం పోయొచ్చిన మమ్ముల పదిమందిని కూసోబెట్టి, గాడ నేర్సుకున్న ఒక్క మాట చెప్పమన్నది. నాకు హాలంత మాయమైనట్టయింది. మంచు పడే పొద్దుగాల, నన్ను బిడ్డలెక్క సూసుకున్న, గాడ నేనున్న ఇంటామె గడపల నిలబడ్డట్టే కనిపించింది. "ఇత్తెకిమాసు" అన్న. పోయొస్త అని దానర్థం. అది అననిదే ఆమె నన్ను ఇల్లు దాటనియ్యకపోయేది.

"మీ దగ్గర గూడ గట్లనే అంటరా?" అని మేడం అడిగింది.

"మా వేములపల్లిల పోత అంటే అమ్మ ఊకోదు" అన్న. అందరు నవ్విన్రు. నేనొక్కదాన్నే నవ్వలే.

మోకాళ్ల నొప్పికి గోలీలు ఏసుకుంటున్నవా? నాట్లు అయినయా? నాకు చింతకాయ తొక్కు తీసిపెట్టు. నాయినకు దండాలు చెప్పు.

మొన్న నీ మీద కోపంల "పోతున్న" అనుకుంటనే బస్సెక్కిన. అప్పటిసంది నేను ఇంట్లకెల్లి సక్కగ బయలెల్లనే లేదనిపిస్తున్నది. పై ఆదివారం వస్త. సోమవారం పొద్దుగాల జర గడపల నిలబడవే అమ్మా, ఈసారి పోయొస్త అనిపోత.

నీ బిడ్డ
సౌమ్య