ఎడమకు తిరిగితే టక్కుమంటోంది

హెలికాప్టర్ల పరీక్షా కేంద్రం అధికారి గారికి,

నమస్కారం. మీ ప్రహరీకి ఇవతలి వీధిలో ముప్పై ఏళ్లుగా కుట్టు మిషన్లు బాగుచేస్తున్నాను. మీ కొత్త దాడి హెలికాప్టరు ఎడమకు తిరిగినప్పుడల్లా తోక దగ్గర టక్కుమంటోంది. కుడికి తిరిగితే అనడం లేదు. దయచేసి చూడండి.

ఇట్లు,
మిషన్ల రిపేరు ఆవిడ

తా.క. కవరు మీద ‘సూదమ్మ’ అని రాస్తే చాలు, అందుతుంది.

గౌరవనీయులైన సూదమ్మ గారికి,

చప్పుడుతో మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. ఈ హెలికాప్టరు పన్నెండేళ్ల శ్రమ. ముందు గన్నరు, వెనక పైలట్ కూర్చుంటారు. గన్నరు తల ఎటు తిప్పితే తుపాకీ అటే తిరుగుతుంది. గాలి పలచబడే కొండల మీద కూడా క్షిపణులతో సహా దిగి లేవగలదు. ఇంతటి దాని చప్పుడు కాస్త ఓర్చుకోమని మనవి.

భవదీయుడు,
ప్రజా సంబంధాల అధికారి

తా.క. చెవుల్లో పెట్టుకోవడానికి దూది పంపుతున్నాం.

అయ్యా,

చప్పుడు ఎక్కువని నేననలేదు. ఉండకూడని చప్పుడు ఉందన్నాను. మంగళవారం పదకొండుసార్లు ఎడమకు తిరిగితే తొమ్మిదిసార్లు టక్కుమంది. బుధవారం పద్నాలుగుకు పద్నాలుగూ. తుపాకీ సంగతి సరే, తోక తిరగాలి కదా.

సూదమ్మ

తా.క. దూది వాపసు పంపుతున్నాను. మీ చెవుల్లో ఉన్నది కూడా తీసేయండి.

సూదమ్మ గారికి,

మా పరీక్షల లెక్క రాసుకోవడం నేరం. మీ ఉత్తరాన్ని భద్రతా విభాగానికి పంపాను. గురువారం ఇద్దరు అధికారులు ప్రశ్నించడానికి వస్తారు.

ప్రజా సంబంధాల అధికారి

తా.క. మీరు ఏ దేశం తరఫున పనిచేస్తున్నారో ముందే చెప్పేస్తే అందరికీ పని తేలిక.

అయ్యా,

తప్పకుండా రమ్మనండి. మేడ మెట్లు ఇరుకు, ఒకరి వెనక ఒకరు ఎక్కాలి.

సూదమ్మ

తా.క. నేను కుట్టు మిషన్ల తరఫున.

అమ్మా,

క్షమించండి. మా అధికారులు మీ మేడ మీద ఉండగానే అది టక్కుమన్నదట. వాళ్లలో పెద్దాయన వైర్‌లెస్‌లో చెప్పి మళ్లీ ఎడమకు తిప్పించబోతే, “తిప్పించకండి, దింపించండి” అని మీరు ఆయన చెయ్యి పట్టుకున్నారట. దింపి తోక విప్పాం. తోక రెక్కను తిప్పే ఇరుసు బేరింగు పగిలి ఉంది. మర్నాడు కొండల మీద పరీక్ష. అక్కడ ఊడి ఉంటే లోపలున్న ఇద్దరూ దక్కేవారు కాదు. కొత్త బేరింగు వేశాక నిన్న కొండల మీద దిగింది, లేచింది, చక్కగా తిరిగొచ్చింది. లోపం కనిపెట్టింది ఎవరో పైలట్‌కు ఇంకా తెలియదు. ఆదివారం ఆమెను మీ దగ్గరకు తీసుకొస్తాను.

మీ విధేయుడు,
ప్రజా సంబంధాల అధికారి

తా.క. మా ఇంట్లో ఫ్యాను కూడా టక్కుమంటోంది. వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

అయ్యా,

మీ ఉత్తరం అందింది. ఇన్నాళ్లకు ఊపిరి ఆడింది. పైలట్‌ను తీసుకురావద్దు. ఆమె నిన్ననే వచ్చి, కడుపునిండా తిని, పక్కగదిలో నిద్రపోతోంది. మా రెండో అమ్మాయి. నేను భయపడతానని, మీ దగ్గర టైపిస్టునని మూడేళ్లుగా చెబుతోంది. టైపిస్టు చొక్కా కాలరు హెల్మెట్ పట్టీ ఒరుసుకున్నట్టు అరగదని దానికి తెలియదు. గురువారం కూడా మీరు వినకపోతే దానికే చెప్పేసేదాన్ని. ఇప్పుడు ఆ అవసరం లేదు. మీరూ చెప్పకండి. అది నోరు విప్పేదాకా నేను నమ్ముతూనే ఉంటాను.

ఇట్లు,
సూదమ్మ

తా.క. ఆఫీసులో టైపు మిషను ఎలా ఉందే అని రాత్రి అన్నం పెడుతూ అడిగాను. “బేరింగు మార్చారమ్మా, ఇప్పుడు ఎడమకు కూడా హాయిగా తిరుగుతోంది” అంది.