సుంకమ్మ బావి

నల్లమాడ
ఏప్రిల్ 1957

ప్రియమైన నాయనకు,

మీ కూతురు నల్లమ్మ నమస్కారాలు. సంతోషంలో గబగబా రాస్తుంటే అక్షరాలు వంకర పోతున్నాయి. బడిపిల్లల్ని కోప్పడినట్టు నన్ను కోప్పడవద్దు.

మా దొడ్లో తవ్వుతున్న బావిలో నీళ్లు పడ్డాయి నాయనా! బండ అడ్డం వచ్చిందని మామ ఆశ వదులుకున్నాడు. ఆఖరుసారి చూద్దామని మందు పెట్టి పేల్చారు. మరునాడు పొద్దున వంగి చూస్తే అడుగున తడి మెరుస్తోంది. ఇప్పుడు మనిషి మునిగేంత నీళ్లు. ఊళ్లో మిగతా బావులన్నీ బురదకు దిగాయి, ఆడవాళ్లు ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకుంటున్నారు. మామ మా వీధి మొగదల నిలబడి, "ఎవురైనా వచ్చి చేదుకోండప్పా, నీళ్లకు కాదనేవోణ్ణి కాదు నేను" అని కేకేసి చెప్పాడు. ఆ రోజు ఆయన నడకే మారిపోయింది.

బావిలోకి దిగడానికి రాతిమెట్లు పెట్టి, చుట్టూ నేలమట్టానికి బండలు పరిచారు. గోడ ఇంకా లేవలేదు. వీధి వీధంతా చుట్టూ నిలబడి చేదుకుంటున్నారు, కడవల చప్పుడుతోనే తెల్లవారుతోంది.

సుంకమ్మ బాగుంది. మీ మనవరాలికి ఇప్పుడు బావే లోకం. నా చెయ్యి పట్టుకుని వంగి, "సుంకీ!" అని అరుస్తుంది. లోపలినుంచి "సుంకీ" అని వస్తే, "అమ్మా, ఆడ ఇంగో సుంకి ఉండాది" అంటుంది. వేసవి సెలవులకు మీరు రండి, తనే చూపిస్తుంది.

మీ
నల్లమ్మ

*

గుత్తి
మే 1957

ప్రియమైన నల్లమ్మా,

మీ ఇంటిల్లిపాదికీ నాయన దీవెనలు. నీ ఉత్తరం బడిలో అందరికీ చదివి వినిపించాను. మా గుత్తిలో కోట బండలు రాత్రిపూట కూడా వేడిగానే ఉంటున్నాయి. నీళ్లు పడ్డాయన్న మాట చెవికే చల్లగా ఉంది.

ఒక్క సంగతి. గోడ లేని బావి ఇంటి దొడ్లో ఉండటం నాకు నచ్చలేదు. మీ మామ బయ్యన్న మంచి మనిషే గాని పని వాయిదా వేసే మనిషి. గోడ లేచేదాకా తుమ్మకంపైనా చుట్టూ వేయించు. అల్లుడు ఓబన్నకు నా మాటగా చెప్పు. పిల్లను కనిపెట్టుకుని ఉండు.

పరీక్ష పేపర్లు దిద్దే పని ఇంకా తెమలలేదు. అది కాగానే వస్తాను. సుంకమ్మకు బెల్లం చిక్కీలు తెస్తున్నానని చెప్పు.

ప్రేమతో
నాయన

*

నల్లమాడ
సెప్టెంబరు 1957

ప్రియమైన నాయనకు,

మీరు ఇక్కడినుంచి వెళ్లాక రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. మీరున్నప్పుడు మీరు అడగలేదు, నేను చెప్పలేదు. ఎలా జరిగిందో మీకు తెలియాలి. ఆ పిల్లను ఎత్తుకుని కోట ఎక్కించినవారు మీరు.

మీరు చెప్పినట్టే కంప వేయించాము. మీ అల్లుడే కొట్టుకొచ్చి చుట్టూ పేర్చాడు. కానీ నీళ్లకు వచ్చినవాళ్లు ఒక పక్క కంప తప్పించి దారి చేసుకునేవారు. వెళ్లేటప్పుడు కొందరు మళ్లీ అడ్డం లాగేవారు, కొందరికి తలమీద ఒక కడవ, నడుమున ఒక కడవ, ఇంకేం లాగుతారు? నేను రోజంతా వెళ్లి లాగి వస్తుండేదాన్ని.

ఆ రోజు నేను వాకిట్లో కొర్రలు చెరుగుతున్నాను. సుంకమ్మ నా వెనకే ఆడుకుంటోంది. దాని పాట వింటూనే ఉన్నాను. పాట ఆగిందని నాకు వెంటనే తెలియలేదు. చేటలో రాయి ఏరి, ఊది, తల తిప్పాను. లేదు. దొడ్లోకి పరుగెత్తాను. కంప తీసి ఉంది.

అరుపు లేదు నాయనా. నీళ్ల చప్పుడు లేదు. పిల్ల పడితే కేక వినపడుతుందని, పరుగెత్తి పట్టుకోవచ్చని అన్నాళ్లూ అనుకున్నాను. ఆ బావి ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. గిలక మీద పిచ్చుక కూర్చుని ఉంది. అది కూడా ఎగరలేదు.

ఇప్పుడు మా పక్కింటి తిప్పమ్మ కూతురు మారెక్క అదే దొడ్లో తిరుగుతోంది. సుంకమ్మ ఈడుది. కంప ఇప్పుడు కూడా తీసే ఉంటోంది. గోడ కట్టించమని మామను అడిగాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, కానీ, "దాని రాత అంతే అమ్మయ్యా. గోడ కడితే రాత మారుతాదా? గోడ లేస్తే చుట్టూ నిలబడి చేదుకునేదానికి కాదు. ఊరంతా గొంతెండి చస్తాండాది" అన్నాడు. పూడ్చేద్దామని మీ అల్లుడు ఒకసారి పార పట్టుకున్నాడు. వీధివాళ్లు వచ్చి కాళ్లు పట్టుకున్నారు.

ఎవరినీ తిట్టలేకుండా ఉన్నాను.

మీ
నల్లమ్మ

*

గుత్తి
అక్టోబరు 1957

ప్రియమైన నల్లమ్మా,

నీ ఉత్తరం చదివి బడికి పోలేకపోయాను. ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నాను.

తల్లీ, నువ్వు కొన్నాళ్లు ఇక్కడికి వచ్చెయ్యి. ఆ దొడ్డి కళ్ల ముందు ఉన్నంతకాలం నీకు నిద్ర ఉండదు. మీ అమ్మ పోయినప్పటినుంచి ఈ ఇంట్లో నేనొక్కణ్ణే. నువ్వు వండకపోయినా ఫర్వాలేదు, ఊరికే కూర్చుని ఉండు. ఓబన్నకు వేరే రాస్తున్నాను. అతను కాదనడు.

బయ్యన్నకు కూడా రాస్తాను. గోడ సంగతి మగవాళ్లం చూసుకుంటాము. నీ ఆరోగ్యం చూసుకో.

నీ
నాయన

*

నల్లమాడ
డిసెంబరు 1957

ప్రియమైన నాయనకు,

కార్డు రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను గుత్తికి రాలేను. సుంకమ్మ ఇక్కడే ఉంది. బావిలో రెండో మెట్టు మీద కూర్చుంటుంది. జుట్టంతా తడి. ఒక్కతే ఉండలేకపోతోంది, తోడు కావాలంటుంది. చిన్నపిల్లలు దగ్గరికి వస్తే పేరు పెట్టి పిలుస్తుంది. పెద్దవాళ్లు పక్కన ఉంటే నీళ్లలోకి వెళ్లిపోతుంది. తిప్పమ్మకు చెప్పాను, పిల్లను ఒంటరిగా పంపవద్దని. పొద్దుటినుంచి సాయంత్రందాకా అక్కడే కూర్చుంటున్నాను. దాన్ని వదిలి ఎలా వచ్చేది?

మీ
నల్లమ్మ

*

గుత్తి
ఫిబ్రవరి 1958

ప్రియమైన నల్లమ్మా,

నీ కార్డు చూసినప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. నిన్న ఎడ్ల సంతలు తిరిగే జమాల్ బాషా వచ్చాడు. కదిరి పోయివస్తూ మీ ఊళ్లో దిగాడట. నీ సంగతి అడిగితే తల వంచుకున్నాడు. "పంతులుగారూ, మీ బిడ్డ బావిగట్టు కాడ కూచోని నీళ్లతో మాట్లాడతాండాది. ఎవురు పోయినా, పిల్లోల్లను ఎనక్కి తోలుకోని పోండి అని అరుస్తాండాది. మీ వియ్యంకుడు బయ్యన్న కూడా ఆ దొడ్లోకి అడుగు పెట్టేదానికి భయపడతాండాడు" అన్నాడు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నీకూ లేకుండేది. కోట మీద మోగే గాలిని దయ్యమనుకుని వీధి పిల్లలందరూ ఏడిస్తే నవ్విన పిల్లవు నువ్వు. దుఃఖం మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో నాకు తెలియనిది కాదు. అనంతపురం పెద్దాసుపత్రిలో నాకు తెలిసిన డాక్టరు ఉన్నాడు. మెల్లగా మాట్లాడే మనిషి. ఉగాది కాగానే నేను వస్తున్నాను. నువ్వు రానన్నా సరే, చిన్నప్పటిలా ఎత్తుకునైనా తెచ్చుకుంటాను.

అంతవరకు ఆ గట్టు దగ్గర కూర్చోవద్దు. నా మీద ఒట్టు.

నీ
నాయన

*

నల్లమాడ
ఏప్రిల్ 1958

ప్రియమైన నాయనకు,

ఈసారి కవరు అంటించి పంపుతున్నాను. మీరు బండెక్కకముందే ఇది చేరాలి. నన్ను క్షమించండి. నాకు మతి పోలేదు. సుంకమ్మ నాకు ఒక్కసారి కూడా కనపడలేదు.

కార్డు రాస్తే పోస్టాఫీసు అరుగు మీదే సగం ఊరు చదువుతుంది. చదవాలనే కార్డు మీద రాశాను. మీరు బాధపడతారని తెలుసు. కానీ అప్పటికే మారెక్క ఒకసారి కంప సందులోంచి బావి అంచుదాకా వెళ్లింది. నేను జుట్టు పట్టుకుని లాగాను. తిప్పమ్మ వచ్చి పిల్లను లాక్కుని, "నీ బిడ్డ పోయిందని నా బిడ్డను కొడతావా?" అంది. కోపంతో అన్న మాట. నాకు కోపం రాలేదు. అప్పుడే నా నోట్లోంచి వచ్చేసింది: "నేను కొట్టలేదు తిప్పమ్మా. సుంకి పిలుస్తాండాది దాన్ని. రెండో మెట్టు మీద కూచోనుండాది, సూడు."

తిప్పమ్మ చూసింది. కడవ అక్కడే వదిలేసి పిల్లను చంకనేసుకుని పరుగెత్తింది.

గోడ కావాలని ఎన్ని నెలలు అడిగానో మీకు తెలుసు. ఆ ఒక్క మాటతో సాయంత్రానికి వీధిలో ఒక్క పిల్ల మా దొడ్డివైపు రాలేదు. తర్వాత నేను ఆపలేదు. బావి దగ్గర కూర్చున్నాను, మాట్లాడాను. ఆడవాళ్లు గుంపుగా వచ్చి గబగబా చేదుకుని వెళ్లేవాళ్లు. మెల్లగా వాళ్లూ మానేసి మళ్లీ ఏటి చెలమలకే పోయారు. ఊరికంతా నీళ్లు పోసిన మామ, తన బావి గిలక మోగక తిండి మానేశాడు.

మీ అల్లుడికి కూడా చెప్పలేదు. చెబితే ఆయన తండ్రి దగ్గర దాచలేడు. ఒకరోజు సందెవేళ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు నీళ్లలోకి చూసి, "నల్లీ, నాకు ఒగసారి సూపిస్తావా? దూరం నుంచైనా సరే" అన్నాడు. నాయనా, ఆయన భుజం మీద చెయ్యి వేశాను, అంతే. ఆ ఒక్క పూట నిజం చెప్పేద్దామనిపించింది. మారెక్క గొంతు పక్కింట్లోంచి వినపడింది. ఊరుకున్నాను.

చివరికి మామే తాయెత్తులు కట్టే బుడేన్ సాబ్‌ను పిలిపించాడు. ఆయన బావి చుట్టూ తిరిగాడు. కంప చూశాడు, నేలమట్టపు బండలు చూశాడు, నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మామతో, "తాయెత్తుకు పొయ్యేది కాదు ఇది బయ్యన్నా. చుట్టూ గోడ లేపి, తలుపు పెట్టి, పైన గొళ్లెం వెయ్యల్ల. అప్పుడు ఆ బిడ్డ బయటికి రాదు" అన్నాడు. అని నావైపు తిరిగి, మెల్లగా, "ఏమ్మా, గొళ్లెం ఎంత ఎత్తులో ఉండల్ల?" అని అడిగాడు.

"చిన్నపిల్లోల్లకు అందనంత" అన్నాను.

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఏమీ పుచ్చుకోలేదు.

గోడ లేచింది. వీధిలో ప్రతి ఇంటినుంచీ ఒక మనిషి వచ్చి రాళ్లు మోశాడు. మీ అల్లుడు తన చేత్తో సున్నం కలిపాడు. నా రొమ్ముదాకా ఎత్తు. రెండు గిలకలు, వేపచెక్క తలుపు. చేదుకున్నవాళ్లు ప్రతిసారీ గొళ్లెం వేసి, వేశామా లేదా అని లాగి చూసి మరీ వెళ్తున్నారు. బతికి ఉన్న పిల్లలకోసం లేవని గోడ చచ్చిపోయిన పిల్లకు భయపడి లేచింది. ఎలాగైతేనేం, లేచింది.

ఇక్కడితో ఆపాలనుకున్నాను. కానీ మీకు కాకపోతే ఇంకెవరికి చెప్పను?

మొన్న పొద్దున వీధిలో ఒక తల్లి పిల్లవాడికి సంగటి తినిపిస్తోంది. వాడు తినడం లేదు. "తింటావా, సుంకమ్మను పిలవల్లా?" అంది. వాడు భయంతో నోరు తెరిచాడు. నాయనా, నా బిడ్డ పేరు అది. తన చేతిలో బొరుగులుంటే వీధి పిల్లలందరికీ తలా గుప్పెడు పెట్టి, తనకు లేవని ఏడుస్తూ నా దగ్గరికి వచ్చే పిల్ల. దాన్ని నేనే దయ్యాన్ని చేశాను. దాని పేరు వింటే పిల్లలు తల్లి కొంగులో దూరుతున్నారు. నీళ్లు ఒకసారి తీసుకుపోయాయి, నేను రెండోసారి.

తట్టుకోలేక తిప్పమ్మ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పేశాను. అంతా అబద్ధం, గోడకోసం ఆడినది, సుంకమ్మ ఎవరినీ పిలవలేదు అన్నాను. ఆమె నా చేతులు పట్టుకుని, "ఇప్పుడెందుకు దాస్తావులే అక్కా. మారెక్క కూడా సూసిండాది కదా" అంది.

మారెక్కను ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను. గోడ లేవకముందు, నేను లోపలికి పోయిన ఒక మధ్యాహ్నం, మేకపిల్ల వెనక దొడ్లోకి వచ్చిందట. గట్టు మీద సుంకమ్మ ఉందట.

"నిన్ను పిలిచిందా?" అన్నాను.

"పిలవలేదు. 'ఈడికి రావద్దు పో, మీ యమ్మ యాడుండాది?' అనింది. చెయ్యి పట్టుకోని మా ఇంటి దాకా తోడుకోనొచ్చింది."

నేను చెప్పిన సుంకమ్మ పిల్లల్ని బావిలోకి రమ్మంటుంది. ఆ పిల్ల నేను చెప్పిన మాటే కల కని ఉంటే, రమ్మన్నట్టే కనాలి కదా నాయనా? పొమ్మన్నది ఎక్కడినుంచి వచ్చింది? మీరు చదువుకున్నవారు, మీరే చెప్పండి. కానీ వెంటనే చెప్పవద్దు.

ఇక్కడ మాత్రం నేను ఒక్కటే చెబుతున్నాను అందరికీ. సుంకమ్మ పిలవదు, ఇంటికి పంపుతుంది అని. మారెక్క కూడా నాతో వచ్చి చెబుతోంది. మొదట పిల్లలు నమ్మలేదు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు తలుపు బయట నిలబడి, "సుంకక్కా, మేం పోతాండాం" అని చెప్పి పోతున్నారు. మీ అల్లుడికి నిజం చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. "అయితే నాకే కాదు, నీకూ కనపడలేదా" అని, నా తల నిమిరాడు.

మీరు రండి. నన్ను ఆసుపత్రికి తీసుకుపోవడానికి కాదు, ఊరికే రండి. గోడ చూద్దురుగాని.

ఇంకొక్క మాట. సుంకమ్మ ఏ లంగా కట్టుకుని ఉందని మారెక్కను అడిగాను. "అంతా తడిసిపోయిండాది, రంగు తెలీలా" అంది.

నిన్న పొద్దున పెట్టె తెరిచి, దాని పొడి లంగా, రవిక తీసి గోడ మీద పెట్టి వచ్చాను. ఎగిరిపోకుండా రాయి పెట్టాను. సాయంత్రం వెళ్లి చూస్తే పెట్టినట్టే ఉన్నాయి. ఎండకు వెచ్చగా ఉన్నాయి. మడిచి ఇంట్లోకి తెచ్చాను.

ఈ ఉత్తరం పోస్టులో వేసి వచ్చి, మళ్లీ పెడతాను.

మీ కూతురు
నల్లమ్మ