పాత డ్రైవ్‌లో మీ అన్నయ్య ఫోల్డర్

ఏమయ్యా మరిదీ,

డ్యూటీకి టైమైపోయింది, వెళ్తున్నా. ఆ ఫోల్డర్ డిలీట్ కావట్లేదని నిన్న కీబోర్డును తెగ బాదావు. పాపం, దాని తప్పేం లేదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్ నొక్కు. ఓనర్ అన్నచోట మీ అన్నయ్య పేరు ఉండదు, బారెడు నంబరు ఉంటుంది. ఆయన పోయాక కంప్యూటర్‌ని కొత్తగా సెట్ చేశావుగా, దానికిక ఆయనెవరో తెలీదు. పక్కనే ఛేంజ్ నొక్కి నీ పేరు కొట్టు. లోపలి ఫోల్డర్లకి కూడా వర్తించేలా టిక్ పెట్టు. తర్వాత నీకు నువ్వే ఫుల్ కంట్రోల్ ఇచ్చుకో. అప్పుడు పోతుంది.

అందులో ఉన్నవన్నీ ఆయన తీసిన వీడియోల్లో కత్తిరించేసిన ముక్కలే. ఒక్కదాంట్లోనూ ఆయన కనపడరు. కెమెరా వెనక నుంచి "కాస్త నవ్వండమ్మా" అనే గొంతొక్కటే వినపడుతుంది. నీ కొత్త పనికి చోటు కావాలి, తీసెయ్. తీసేశానని మాత్రం నాకు చెప్పకు.

అన్నం మూతపెట్టి ఉంచా. చల్లారకముందే తిను.

వదిన

అన్నట్టు, పొద్దున నేనే చేసేద్దామని కూర్చున్నా. నీ పేరు కొట్టడానికి చెయ్యి రాలేదు, ఆయన పేరే కొట్టాను. ఆ పేరుతో ఎవరూ లేరంది.