రాడార్ మనిషినని వచ్చినవాడు

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. సమాధి దగ్గర పూలు పెట్టి వచ్చేసరికి మన బందరు ఇంటి గుమ్మంలో ఒకతను నిలబడి ఉన్నాడు.

"సార్‌తో రాడార్ యూనిట్‌లో పనిచేశానమ్మా. ఆయన మీద పుస్తకం రాస్తున్నాను. డైరీలేమైనా ఉన్నాయా?" అన్నాడు.

కాఫీ ఇచ్చాను గానీ మనసు ఒప్పుకోలేదు. మీరు ఏయే తీరాల్లో పనిచేశారో గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు.

"అంత దూరం చూసే రాడార్‌కి కిందగా వచ్చే విమానం ఎందుకు కనపడదండీ?" అని అడిగాను.

"పవర్ చాలదమ్మా."

మంగినపూడి తీరాన, దూరమవుతున్న పడవను చూపిస్తూ మీరు చెప్పింది వేరు. రాడార్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, భూమేమో వంపు తిరిగి ఉంటుంది, కిందగా ఎగిరేది ఆ వంపు చాటున ఉండిపోతుంది అన్నారు. మీ ఉద్యోగం గురించి నాకు తెలిసింది ఆ ఒక్క ముక్కే.

"డైరీలు లేవు, వెళ్లిరండి" అని తలుపేసి పోలీసులకు ఫోన్ చేశాను.

నిజంగానే లేవు కదా. ఏమడిగినా "ఆఫీసు పనిలే" అనేవారు. నన్ను కూడా నమ్మరా అని ఎన్నిసార్లు అలిగానో. ఇవాళ అతని ముందు దాచడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆ అలకలన్నీ వెనక్కి తీసుకుంటున్నానండీ.

మీ శాంత